రెండు తీగల నుంచి మూడు తీగలకు: త్రీఫేజ్ మోటారు డ్రైవర్ సర్క్యూట్ ఎందుకు?

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ నుంచి బయటికి వచ్చే ప్రధాన తీగలు రెండే: ఒకటి ప్లస్, ఒకటి మైనస్. చక్రంలోని మోటారులోకి వెళ్లే లావుపాటి తీగలు మాత్రం మూడు. ఈ రెండింటికీ మధ్య, సీటు కిందో కాళ్లు పెట్టుకునే చోటి అడుగునో, ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని కంట్రోలర్ అంటారు. రిమోట్‌తో పనిచేసే కొత్త రకం సీలింగ్ ఫ్యాన్‌లో ఇదే పెట్టె అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డుగా, మెట్రో రైలు పెట్టె అడుగున బీరువా అంత పరిమాణంలో ఉంటుంది. పరిమాణం మారినా లోపలి సూత్రం ఒకటే. దాని పేరు త్రీఫేజ్ మోటారు డ్రైవర్.

ఈ పెట్టె లేకుండా బ్యాటరీ తీగలను నేరుగా మోటారు మూడు తీగల్లో ఏ రెండింటికైనా కలిపితే ఏమవుతుంది? చక్రం ఒక్కసారి చిన్నగా ఉలిక్కిపడి, ఒక స్థానంలో బిగుసుకుపోతుంది. తిరగదు. తీగచుట్టల నిరోధం చాలా తక్కువ కాబట్టి వాటిగుండా భారీగా కరెంటు పారి, క్షణాల్లో వేడెక్కుతాయి. మోటారులో లోపం లేదు, బ్యాటరీలో లోపం లేదు. వాటి మధ్య ఉండవలసిన అనువాదకుడు లేడు, అంతే.

మూడు ఫేజులు ఎందుకు?

మోటారులో కదలని భాగాన్ని స్టేటార్ అని, తిరిగే భాగాన్ని రోటార్ అని అంటారు. స్టేటార్‌లోని తీగచుట్టలోకి కరెంటు పంపితే అది అయస్కాంతంగా మారుతుంది. ఒకే చుట్టలోకి ఏసీ కరెంటు పంపితే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప చుట్టూ తిరగదు. ఏ దిక్కుకు తిరగాలో రోటార్‌కు తెలియదు. పాతరకం సీలింగ్ ఫ్యాన్‌లో కెపాసిటర్ పాడైతే ఫ్యాన్ మూలుగుతూ నిలబడిపోవడానికి కారణం ఇదే. చేత్తో కొంచెం తోస్తే, తోసిన దిక్కుకు తిరుగుతుంది.

అదే మూడు చుట్టలను ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో అమర్చి, వాటిలోకి ఒకదాని తర్వాత ఒకటి ఉచ్ఛస్థాయికి చేరే మూడు ప్రవాహాలను పంపితే, వాటి ఉమ్మడి అయస్కాంత క్షేత్రం బలం తగ్గకుండా గుండ్రంగా తిరుగుతుంది. రోటార్ దాని వెంట పరుగెడుతుంది. తిరిగే అయస్కాంత క్షేత్రంతో నడిచే మోటార్ల గురించి ఇటలీకి చెందిన గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా 1888లో వేర్వేరుగా ప్రకటించారు. ఆ వెంటనే 1889లో మిఖాయిల్ డొలివో-డొబ్రొవోల్స్కీ మూడు ఫేజుల మోటారును ఆచరణలోకి తెచ్చాడు. 1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తును పంపి చూపించారు. నేటి విద్యుత్ సరఫరా వ్యవస్థలకు అదే నమూనా అయింది.

మూడు ఫేజులకు మరో రెండు సుగుణాలు ఉన్నాయి. సమతుల్యంగా ఉన్నప్పుడు మూడు ప్రవాహాల మొత్తం ఏ క్షణంలో చూసినా సున్నా. అందుకే తిరుగు ప్రయాణానికి వేరే తీగ అక్కర్లేదు, మూడు తీగలే చాలు. ఇక మూడు ఫేజుల నుంచి అందే మొత్తం శక్తి ప్రతి క్షణం ఒకేలా ఉంటుంది. కాబట్టి మోటారు కుదుపు లేకుండా తిరుగుతుంది.

స్టార్టరు వేరు, డ్రైవర్ వేరు

పొలంలోని బోరు మోటారుకు మూడు ఫేజులు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తయారుగా వస్తాయి. అక్కడి స్టార్టరు డబ్బా చేసేది ప్రధానంగా కలపడం, తెంచడం, ప్రమాదం వస్తే ఆపడం. వేగం మీద దానికి అధికారం లేదు. భారతదేశంలో సరఫరా సెకనుకు 50 ఆవర్తనాలు. అందువల్ల నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. రోటార్ దానికి కాస్త వెనకబడి సుమారు 1,440 చుట్ల దగ్గర స్థిరపడుతుంది. నీరు ఎక్కువ కావాలన్నా తక్కువ కావాలన్నా ఆ వేగం దాదాపు అంతే.

నేరుగా సరఫరాకు కలిపిన మోటారు, మొదలయ్యే క్షణంలో తన మామూలు కరెంటుకు 6, 7 రెట్ల వరకు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి మొదలైతే వోల్టేజి పడిపోవడానికి ఇదో ముఖ్య కారణం. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇబ్బంది ఇంకా పెద్దది. ఆగి ఉన్న మోటారు గుర్రుమంటుంది కానీ తిరగదు. తిరుగుతున్న మోటారు మాత్రం మిగిలిన రెండు ఫేజుల నుంచే ఎక్కువ కరెంటు లాగుతూ నడుస్తుంది. రక్షణ రిలే సమయానికి తెంచకపోతే వైండింగ్ కాలిపోతుంది. మోటారును బయటికి తీసి మళ్లీ చుట్టించడం రైతుకు డబ్బు ఖర్చే కాదు, తడి అందాల్సిన రోజుల్లో నీళ్లు ఆగిపోవడం కూడా.

డ్రైవర్ సర్క్యూట్ చేసేది ఇంతకంటే పెద్ద పని. అది మూడు ఫేజులను తానే తయారుచేస్తుంది. ఎంత వోల్టేజితో, సెకనుకు ఎన్ని ఆవర్తనాలతో, ఏ వరుసలో పంపాలో కూడా తానే నిర్ణయిస్తుంది.

ఆరు స్విచ్‌ల వంతెన

దీని గుండెకాయ ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్‌ల అమరిక. మోటారు తీగ ఒక్కొక్కదానికి రెండేసి స్విచ్‌లు ఉంటాయి. పై స్విచ్ ఆ తీగను బ్యాటరీ ప్లస్‌కు, కింది స్విచ్ మైనస్‌కు కలుపుతుంది. చిన్న మోటార్లలో, స్కూటర్లలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లను, ఎక్కువ వోల్టేజి ఉన్నచోట ఐజీబీటీలను ఈ స్విచ్‌లుగా వాడతారు.

ప్రతి తీగనూ పైకో కిందికో కలపడానికి మొత్తం 8 విధాలున్నాయి. వాటిలో మూడు తీగలూ పైకి, లేదా మూడూ కిందికి కలిపే రెండింటిలో మోటారుకు వోల్టేజి అందదు. మిగిలిన 6 కలయికలు అయస్కాంత క్షేత్రాన్ని 60 డిగ్రీల తేడాతో ఆరు దిక్కులకు నిలుపుతాయి. వాటిని వరుసగా మారుస్తూ పోతే క్షేత్రం చుట్టూ తిరుగుతుంది. వరుసను తిప్పి నడిపితే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఇంకా సులువైన పద్ధతిలో ఏ క్షణంలోనైనా ఒక తీగ ప్లస్‌కు, ఒకటి మైనస్‌కు కలిసి ఉంటాయి, మూడోది ఖాళీగా ఉంటుంది. ఆరు అడుగుల్లో ఒక విద్యుత్ ఆవర్తనం పూర్తవుతుంది.

ఈ మార్పిడి ఎంత వేగంగా జరగాలో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. స్కూటర్ చక్రంలోనే ఉండే మోటారులో 46 అయస్కాంత ధ్రువాలు, అంటే 23 జతలు ఉన్నాయనుకుందాం. చక్రం నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంటే బండి వేగం గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. ఆ మాత్రం వేగానికే సెకనుకు సుమారు 153 విద్యుత్ ఆవర్తనాలు కావాలి. ఒక్కో ఆవర్తనానికి 6 అడుగుల చొప్పున సెకనుకు 900 పైచిలుకు మార్పిడులు. పాతకాలపు డీసీ మోటార్లలో ఈ పనిని అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు చేసేవి. ఇక్కడ అరిగేది ఏమీ లేదు.

స్విచ్ ఎందుకు, రెసిస్టర్ ఎందుకు కాదు?

వేగం తగ్గించాలంటే వోల్టేజి తగ్గించాలి. 48 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల కరెంటు తీసుకుంటూ మోటారుకు 24 వోల్టులే ఇవ్వాలనుకుందాం. మధ్యలో రెసిస్టర్ పెడితే మిగిలిన 24 వోల్టులూ దానిమీద పడి 480 వాట్లు వేడిగా పోతాయి. చిన్న ఇస్త్రీపెట్టెను బండికి కట్టుకుని తిరిగినట్టే.

స్విచ్ అలా కాదు. పూర్తిగా ఆఫ్‌లో ఉంటే దానిగుండా కరెంటు లేదు. పూర్తిగా ఆన్‌లో ఉంటే దానిమీద వోల్టేజి దాదాపు లేదు. ఆన్‌లో ఉన్నప్పుడు 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉన్న మాస్‌ఫెట్‌లో 20 ఆంపియర్లు పారితే వృథా అయ్యేది 2 వాట్లే. కాబట్టి సెకనుకు వేలసార్లు స్విచ్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ సగం సమయం ఆన్‌లో ఉంచితే మోటారుకు సగటున 24 వోల్టులు అందుతాయి. పావు సమయం ఉంచితే 12 వోల్టులు. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. తీగచుట్టలకు కరెంటు మార్పును అడ్డుకునే గుణం ఉంది. అందువల్ల వోల్టేజి తునకలు తునకలుగా వచ్చినా లోపల కరెంటు నునుపుగానే పారుతుంది. ఈ స్విచింగ్‌ను సెకనుకు సుమారు 20 వేల సార్లు, లేదా అంతకన్నా వేగంగా చేస్తే ఆ శబ్దం మనిషి చెవికి అందదు. తక్కువ వేగంతో చేస్తే సన్నని ఈల వినిపిస్తుంది.

చిప్‌కు, స్విచ్‌కు మధ్య

ఎప్పుడు ఏ స్విచ్ వేయాలో లెక్కకట్టేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్. అయితే అది ఇవ్వగలిగేది 3.3 లేదా 5 వోల్టులు, కొద్ది మిల్లీఆంపియర్లు. మాస్‌ఫెట్ గేటుకు కావలసింది 10 నుంచి 15 వోల్టులు. గేటు ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. 100 నానోకూలుంబుల ఆవేశాన్ని 100 నానోసెకన్లలో నింపాలంటే ఆ కాస్త సమయానికి ఒక ఆంపియర్ కరెంటు కావాలి. చిప్ నేరుగా నింపబోతే గేటు నెమ్మదిగా నిండుతుంది. స్విచ్ సగం ఆన్, సగం ఆఫ్ స్థితిలో ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు దానిమీద వోల్టేజీ ఉంటుంది, గుండా కరెంటూ ఉంటుంది. 24 వోల్టులు, 10 ఆంపియర్లు అనుకున్నా ఆ క్షణంలో 240 వాట్ల వేడి. సెకనుకు వేలసార్లు ఇలా జరిగితే మాస్‌ఫెట్ మాడిపోతుంది. అందుకే చిప్‌కు, స్విచ్‌కు మధ్య గేట్ డ్రైవర్ అవసరం. చిప్ నుంచి వచ్చిన బలహీనమైన ఆజ్ఞను తీసుకుని, గేటును ఒక్క ఉదుటున నింపడం, ఖాళీ చేయడం దాని పని.

పై స్విచ్‌ల దగ్గర మరో చిక్కు ఉంది. సాధారణంగా వాడే ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండాలంటే, దాని గేటు వోల్టేజి సోర్స్ అనే కొస కన్నా 10, 12 వోల్టులు ఎక్కువగా ఉండాలి. పై స్విచ్ సోర్స్ మోటారు తీగకే కలిసి ఉంటుంది. స్విచ్ ఆన్ కాగానే ఆ కొస 48 వోల్టులకు లేస్తుంది. అంటే గేటుకు 60 వోల్టులు కావాలి. బ్యాటరీయే 48 వోల్టులైతే 60 ఎక్కడి నుంచి వస్తాయి?

దీనికి ఇంజినీర్లు వాడే ఉపాయం బూట్‌స్ట్రాప్ కెపాసిటర్. కింది స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు మోటారు తీగ సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ సమయంలో ఒక డయోడ్ గుండా చిన్న కెపాసిటర్ 12 వోల్టులకు నిండుతుంది. తర్వాత పై స్విచ్ వంతు రాగానే కెపాసిటర్ కింది కొస మోటారు తీగతోపాటు పైకి లేస్తుంది, పై కొస ఎప్పుడూ దానికన్నా 12 వోల్టులు పైనే ఉంటుంది. నీటిమట్టం ఎంత పెరిగినా పడవలో నిలబడ్డవాడి తల పడవకన్నా పైనే ఉన్నట్టు. ఒక పరిమితి ఉంది: కెపాసిటర్‌లోని ఆవేశం మెల్లగా తరిగిపోతుంది. కాబట్టి మధ్యమధ్య కింది స్విచ్‌ను వేసి మళ్లీ నింపుతుండాలి.

ఒక మైక్రోసెకను మౌనం

ఒకే తీగకు చెందిన పై, కింది స్విచ్‌లు రెండూ ఒకేసారి ఆన్ అయితే బ్యాటరీ ప్లస్ నేరుగా మైనస్‌కు కలుస్తుంది. మోటారును తాకకుండానే వందల ఆంపియర్లు పారి స్విచ్‌లు పగిలిపోతాయి. ఏ స్విచ్చూ ఆజ్ఞ అందిన తక్షణమే ఆఫ్ కాదు, కొంత సమయం తీసుకుంటుంది. అందుకే ఒకదాన్ని ఆపాక, రెండోదాన్ని వేసేముందు చిన్న విరామం ఇస్తారు. ఒక మైక్రోసెకను అటూ ఇటూ ఉండే ఈ విరామాన్ని డెడ్‌టైమ్ అంటారు. మరీ తక్కువైతే ప్రమాదం, మరీ ఎక్కువైతే తరంగం ఆకారం చెడి మోటారు గరగరమంటుంది.

ఆ విరామంలో తీగచుట్టలోని కరెంటు ఆగిపోదు. పారుతున్న కరెంటును హఠాత్తుగా తెంచితే తీగచుట్ట పెద్ద వోల్టేజి పుట్టించి ఎదురు తిరుగుతుంది. ఆ కరెంటుకు దారి చూపడానికి ప్రతి స్విచ్‌కు సమాంతరంగా ఒక డయోడ్ ఉంటుంది. మాస్‌ఫెట్‌లలో ఇది నిర్మాణంలోనే అంతర్భాగం.

రోటార్ ఎక్కడుందో తెలియాలి

శాశ్వత అయస్కాంతాలున్న మోటారును సరిగ్గా నడపాలంటే రోటార్ ఏ స్థానంలో ఉందో తెలియాలి. ఎద్దుకు కొద్ది దూరంలో గడ్డిమోపు చూపిస్తూ నడిపించినట్టు, అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ రోటార్ కన్నా కొంత ముందుండాలి. చాలా స్కూటర్ మోటార్లలో ఇందుకు మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. ఒక్కొక్కటి సున్నా లేదా ఒకటి అని చెబుతుంది. వీటిని సాధారణ పద్ధతిలో 120 డిగ్రీల తేడాతో అమర్చినప్పుడు, సాధ్యమైన 8 సంకేతాల్లో 6 మాత్రమే నిజమైన స్థానాలను సూచిస్తాయి. మూడూ సున్నాలు, లేదా మూడూ ఒకట్లు వస్తే సెన్సర్ పాడైందనో, తీగ తెగిందనో కంట్రోలర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

ఫ్యాన్‌ల వంటి వాటిలో ఖర్చు తగ్గించడానికి సెన్సర్లు లేకుండానే నడుపుతారు. తిరిగే అయస్కాంతం ఖాళీగా ఉన్న మూడో తీగలో పుట్టించే వోల్టేజిని కొలిచి స్థానాన్ని అంచనా వేస్తారు. రోటార్ ఆగి ఉంటే ఆ వోల్టేజి పుట్టదు. అందుకే కొన్ని బీఎల్‌డీసీ ఫ్యాన్‌లు మొదలయ్యేటప్పుడు అటూ ఇటూ కాస్త కదిలి, తర్వాత దారిలో పడతాయి. అది లోపం కాదు, రోటార్ జాడ వెతుక్కోవడం.

ఆదా ఎక్కడ వస్తుంది?

పాతరకం సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు తీసుకుంటే, అదే పరిమాణంలోని బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 నుంచి 35 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు నడిస్తే ఒక్క ఫ్యాన్‌తోనే దాదాపు అర యూనిట్ ఆదా.

పంపుల్లో లాభం ఇంకా స్పష్టం. పైపుల్లోని ఘర్షణే ప్రధాన భారంగా ఉన్నచోట, పంపుకు కావలసిన శక్తి వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే నీరు 80 శాతం వస్తుంది, శక్తి మాత్రం సుమారు 51 శాతానికి పడిపోతుంది. పరిశ్రమల్లో వాల్వును సగం మూసి మోటారును పూర్తి వేగంతో నడిపే బదులు, వేగాన్నే తగ్గించే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌లు పెట్టడానికి కారణం ఈ లెక్కే. లోతైన బోరులో మాత్రం నీటిని ఎత్తడమే ప్రధాన భారం. అక్కడ వేగం మరీ తగ్గితే నీరు పైకే రాదు, ఆదా కూడా ఇంత ఉండదు. ఇండక్షన్ మోటారును ఇలా నడిపేటప్పుడు ఫ్రీక్వెన్సీతోపాటు వోల్టేజినీ అదే నిష్పత్తిలో తగ్గించాలి. లేకపోతే ఇనుప భాగాల్లో అయస్కాంతత్వం హద్దు దాటి మోటారు వేడెక్కుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు కాబట్టి 6, 7 రెట్ల తొలి కరెంటు బెడదా ఉండదు.

2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకం కింద పొలాల్లోకి వస్తున్న సోలార్ పంపుల్లోనూ ఇలాంటి పెట్టెలే కనిపిస్తాయి. పలకలు ఇచ్చేది డీసీ. దాన్ని మూడు ఫేజులుగా మార్చి, ఎండ తగ్గినప్పుడు మోటారు ఆగిపోకుండా వేగాన్ని తగ్గించి నడిపేది డ్రైవరే.

భారతీయ రైల్వే 1990ల మధ్యలో ఏబీబీ సంస్థ నుంచి తెచ్చుకున్న డబ్ల్యూఏపీ-5, డబ్ల్యూఏజీ-9 ఇంజిన్లతో ఈ సాంకేతికత రైలు పట్టాల మీదికి వచ్చింది. తర్వాత చిత్తరంజన్ కర్మాగారంలో వాటి తయారీ మొదలైంది. పైనున్న తీగ ఇచ్చేది 25 వేల వోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ. ఇంజిన్ దాన్ని తగ్గించి, డీసీగా మార్చి, మళ్లీ మూడు ఫేజులుగా చేసి మోటార్లకు ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఈ దారి తిరగబడుతుంది. మోటార్లు జనరేటర్లుగా మారి, రైలు వేగంలోని శక్తి విద్యుత్తుగా పైతీగకు తిరిగి వెళుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లు చాలావాటిలో యాక్సిలరేటర్ వదలగానే బ్యాటరీకి కాస్త చార్జింగ్ చేరడం వెనక ఉన్నదీ ఇదే ఆరు స్విచ్‌ల వంతెన.

కాపలా కూడా దాని పనే

మంచి డ్రైవర్ సర్క్యూట్ నడపడంతో ఆగదు, కాపలా కూడా కాస్తుంది. కరెంటు హద్దు దాటితే మైక్రోసెకన్లలో స్విచ్‌లన్నీ ఆపేస్తుంది. గేటుకు చాలినంత వోల్టేజి లేకపోతే స్విచ్‌ను వేయనే వేయదు, ఎందుకంటే సగం ఆన్ అయిన స్విచ్ మాడిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగితే మోటారుకు ఇచ్చే శక్తిని తగ్గిస్తుంది. నిండు వేసవిలో ఇద్దరితో ఫ్లైఓవర్ ఎక్కుతున్న స్కూటర్ ఉన్నట్టుండి మందగిస్తే, అది చాలాసార్లు చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

ఈ పెట్టెలను వాడేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కల మీద మట్టి పేరుకోనివ్వకూడదు, గాలి ఆడకుండా గుడ్డలు కప్పకూడదు. కరెంటుతో నడిచే డ్రైవ్‌ల లోపలి కెపాసిటర్లలో సరఫరా ఆపేశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజి కొన్ని నిమిషాలపాటు నిలిచి ఉంటుంది. మూత మీద రాసి ఉన్నంతసేపు ఆగి, వోల్టేజి లేదని మీటరుతో కొలిచి నిర్ధారించుకున్నాకే శిక్షణ ఉన్న మెకానిక్ దాన్ని తెరవాలి. కంట్రోలర్ మార్చవలసివస్తే బ్యాటరీ వోల్టేజి, మోటారు కరెంటు, సెన్సర్ల అమరిక మూడూ సరిపోలాలి. పెట్టె చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన సరిపోదు.

మోటారు రూపంలో నూరేళ్లలో వచ్చిన మార్పు తక్కువే. అవే రాగి చుట్టలు, అదే ఇనుము, అదే తిరిగే క్షేత్రం. మారింది దానికి కరెంటు అందించే తీరు. 50 ఆవర్తనాలకు కట్టుబడి ఒకే వేగంతో తిరిగిన మోటారు ఇప్పుడు అవసరమైనంత వేగంతో, అవసరమైనంత బలంతో, అవసరమైన దిక్కుకు తిరుగుతోంది. ఆ స్వేచ్ఛను ఇచ్చింది ఆరు స్విచ్‌లు, వాటిని సమయానికి వేసి తీసే ఒక చిన్న సర్క్యూట్.